కుందేలు తిండి మానేసిందా? రేపటిదాకా ఆగొద్దు.. గుర్తించాల్సిన లక్షణాలు, వెంటనే చేయాల్సిన పనులు ఇవే

నిన్నటిదాకా గిన్నె చప్పుడు వింటేనే పరుగెత్తుకొచ్చిన కుందేలు ఈ ఉదయం మూలన ముడుచుకుని కూర్చుంది. కొత్తిమీర కట్ట ముందు పెట్టినా ముక్కు పక్కకు తిప్పుకుంది. ‘ఎండలకు తినట్లేదేమో, సాయంత్రానికి అదే తింటుందిలే’ అని చాలా ఇళ్లలో అనుకుంటారు.

కుక్క ఒక పూట తినకపోతే కాస్త ఆగి చూడొచ్చు. కుందేలు విషయంలో అలా ఆగడం ప్రాణాల మీదకు తెస్తుంది. తిండి మానేయడమే కుందేలుకు అత్యవసర పరిస్థితి. జ్వరం, వాంతులు, విరేచనాలు లాంటివి కనిపించాక చూద్దాం అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. పైగా కుందేలుకు వాంతి చేసుకోవడం అసలు సాధ్యమే కాదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో అపార్ట్‌మెంట్లలో కుందేళ్లను పెంచేవారు కనిపిస్తూనే ఉంటారు. కానీ వాటికి ఒంట్లో బాగోలేకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలో ముందుగా తెలుసుకుని పెట్టుకునేవారు తక్కువ. లక్షణాలు ఎలా గుర్తుపట్టాలి, ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు, ప్రభుత్వ పశువైద్య సేవలను ఎలా వాడుకోవాలి.. ఇవన్నీ ఇక్కడ చూద్దాం.

ఒక్క పూట తినకపోతే ఏమవుతుంది?

కుందేలు జీర్ణవ్యవస్థ ఆగకుండా నడిచే మర లాంటిది. లోపలికి పీచు వెళ్తూ ఉంటేనే పేగులు కదులుతూ ఉంటాయి. పెద్దపేగు మొదట్లో ఉండే సంచి లాంటి భాగంలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. గడ్డిలోని పీచును పులియబెట్టి పోషకాలుగా మార్చే పని వాటిదే.

తిండి ఆగితే పేగుల కదలిక మందగిస్తుంది. లోపలున్న ఆహారంలో నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. సూక్ష్మజీవుల సమతుల్యం చెడి గ్యాస్ పేరుకుంటుంది. గ్యాస్ వల్ల నొప్పి వస్తుంది. నొప్పి వల్ల కుందేలు ఇంకా తినదు. ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయే ఈ పరిస్థితిని పశువైద్యులు ‘గట్ స్టేసిస్’ అంటారు. అంటే పేగుల కదలిక మందగించడం లేదా ఆగిపోవడం.

మరో ముప్పు కాలేయానికి. తిండి లేనప్పుడు శరీరం తనలో ఉన్న కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వు కాలేయంలో పేరుకుని అది దెబ్బతింటుంది. లావుగా ఉన్న కుందేళ్లకు ఈ ముప్పు ఎక్కువ. ‘బాగా బొద్దుగా ఉంది, ఒక రోజు తినకపోయినా ఏం కాదు’ అనుకోవడం అందుకే పొరపాటు.

ఎన్ని గంటలు ఆగొచ్చు?

దీన్ని మూడు స్థాయిలుగా గుర్తుపెట్టుకోండి.

1. తిండి తగ్గింది, కానీ పూర్తిగా మానలేదు. చురుగ్గానే ఉంది, పెంటికలు వేస్తోంది. అలాంటప్పుడు తాజా గడ్డి, నీళ్లు పెట్టి దగ్గరుండి గమనించండి. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. ఆ రోజే మామూలు కాకపోతే తీసుకెళ్లండి.

2. 10-12 గంటలుగా ఏమీ తినలేదు, లేదా పెంటికలు వేయలేదు. ఇది అత్యవసరం. ఆ రోజే డాక్టర్ చూడాలి.

3. తినకపోవడంతో పాటు పొట్ట బిగుసుకుని ఉబ్బింది, చెవులు చల్లబడ్డాయి, ఒళ్లు వాలిపోయింది, లేదా ఊపిరి కష్టంగా తీస్తోంది. గంటలు లెక్కపెట్టొద్దు. వెంటనే బయల్దేరండి.

రాత్రి పెట్టిన గడ్డి ఉదయానికి అలాగే ఉంటే అప్పటికే ఎనిమిది, తొమ్మిది గంటలు గడిచిపోయి ఉండొచ్చు. లెక్క మీరు చూసిన క్షణం నుంచి కాదు, అది చివరిసారి తిన్నప్పటి నుంచి మొదలవుతుంది.

లక్షణాలు ఎలా గుర్తుపట్టాలి?

అడవిలో కుందేలు వేటాడే జంతువులకు ఆహారం. నీరసంగా కనిపిస్తే ముందు దానికే ముప్పు. అందుకే నొప్పిని బయటపడనివ్వకపోవడం వాటి స్వభావం. కుక్కలా మూలగదు, పిల్లిలా అరవదు. అందువల్ల కింది విషయాలను మీరే గమనించాలి.

పెంటికలు: కుందేలు ఆరోగ్యం గురించి అన్నిటికంటే ముందు చెప్పేవి ఇవే. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు వందకు పైగా గుండ్రటి, పొడి పెంటికలు వేస్తుంది. అవి ఒకే సైజులో ఉంటాయి. నలిపితే లోపల గడ్డి పీచు కనిపిస్తుంది. పెంటికలు చిన్నవైనా, నల్లగా గట్టిగా మారినా, ఆకారం తప్పినా, బొచ్చుతో దండలా కలిసి వచ్చినా పేగుల్లో ఏదో తేడా ఉందని అర్థం. అసలు లేకపోతే ప్రమాదం.

కూర్చునే తీరు: వీపు వంచి, కళ్లు సగం మూసుకుని, ముద్దలా కూర్చుంటుంది. పొట్టను నేలకు అదుముతుంది. పడుకుని వెంటనే లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. ఇవన్నీ కడుపునొప్పికి గుర్తులు.

పళ్ల చప్పుడు: నిమురుతున్నప్పుడు పళ్లు మెల్లగా టకటకలాడిస్తే అది హాయిగా ఉందని అర్థం. అదే దూరంగా ఒంటరిగా కూర్చుని గట్టిగా పళ్లు నూరుతుంటే నొప్పి అని అర్థం.

పొట్ట: మామూలుగా మెత్తగా ఉంటుంది. డోలులా బిగుసుకుని ఉంటే గ్యాస్ లేదా పేగు అడ్డంకి కావొచ్చు. చూద్దామని గట్టిగా నొక్కొద్దు.

చెవులు: వేళ్లతో తాకి చూడండి. బాగా చల్లగా ఉంటే ఒంటి వేడి పడిపోతోందేమో అనుమానించాలి. కుందేలు సాధారణ ఉష్ణోగ్రత 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. అంటే మనకంటే ఎక్కువే. అది మనిషికి ఉండే 37 డిగ్రీలకు పడిపోతే కుందేలుకు తీవ్ర ప్రమాదం. థర్మామీటర్‌తో చూసే పని డాక్టర్‌కే వదిలేయండి. అలవాటు లేని చేతుల్లో కుందేలు గింజుకుంటే గాయమవుతుంది.

నోరు, గడ్డం: గడ్డం కింద బొచ్చు తడిగా ఉందా? తిండి నోట్లో పెట్టుకుని వదిలేస్తోందా? గడ్డి వదిలేసి మెత్తటి ఆకులు మాత్రమే తింటోందా? ఇవి పంటి సమస్యకు గుర్తులు.

మెత్తటి గుత్తులు కనిపిస్తే రోగమేనా?

కుందేలు రెండు రకాలుగా మలవిసర్జన చేస్తుంది. ఒకటి గుండ్రటి పెంటికలు. రెండోది ద్రాక్ష గుత్తిలా అంటుకుని, మెరుస్తూ, మెత్తగా ఉంటుంది. ఈ రెండోదాన్ని కుందేలు నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది. దాన్ని చూసి చాలామంది కంగారుపడతారు. కానీ అది రోగం కాదు. అందులో బి విటమిన్లు, ప్రొటీన్ ఉంటాయి. మొదటిసారి జీర్ణమైనదాన్ని రెండోసారి వాడుకునే పద్ధతి అది. దాన్ని ఆపొద్దు.

ఆ గుత్తులు తినకుండా నేల మీద మిగిలిపోతుంటే మాత్రం గమనించండి. దాణా, తీపి ఎక్కువైనా, ఒళ్లు బరువెక్కి వంగలేకపోయినా, నొప్పి ఉన్నా అలా జరుగుతుంది.

తిండి ఎందుకు మానేస్తుంది?

ఆకలి లేకపోవడం ఒక లక్షణం మాత్రమే. దాని వెనక ఏదో కారణం ఉంటుంది. ఎక్కువగా కనిపించే కారణాలివి.

పీచు తక్కువ తిండి: క్యారెట్లు, బిస్కెట్లు, బ్రెడ్డు, అన్నం, పండ్లు, గింజలు.. మన ఇళ్లలో కుందేలుకు ముద్దుగా పెట్టేవి ఇవే. వీటిలో పిండిపదార్థం, చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. పేగుల కదలిక మందగించడానికి ప్రధాన కారణం ఇదే.

పళ్లు: కుందేలుకు మొత్తం 28 పళ్లు. అవన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు ఏడాదికి సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమలడం వల్లే అవి అరుగుతాయి. గడ్డి లేకపోతే వెనక పళ్ల అంచులు సూదుల్లా పెరిగి నాలుకకు, బుగ్గలకు గుచ్చుకుంటాయి. ఆకలి ఉన్నా తినలేదు. తిండి దగ్గరికి వచ్చి, వాసన చూసి వెళ్లిపోతుంటే పళ్లను అనుమానించాలి.

ఎండ: కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారా బయటికి పంపుతుంది. గది ఉష్ణోగ్రత 28-30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బాల్కనీలో, రేకుల కింద పంజరం ఉంచితే వడదెబ్బ ఖాయం.

నీళ్లు: ‘కుందేలుకు నీళ్లు పెట్టకూడదు, ఆకుల్లో తడి చాలు’ అన్న నమ్మకం ఇంకా ఉంది. అది తప్పు. కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. కిలోన్నర కుందేలు అంటే 75 నుంచి 225 మిల్లీలీటర్లు. బాటిల్ మూతి మూసుకుపోయి నీళ్లు రాకపోవడం కూడా ఒక కారణమే. రోజూ వేలితో నొక్కి చూడండి.

భయం, మార్పు: దీపావళి టపాసులు, వీధిలో డీజే, ఇల్లు మారడం, కొత్త కుక్కపిల్ల రావడం, జత కుందేలు చనిపోవడం.. వీటి వల్ల కూడా తిండి ఆగిపోతుంది.

ఇతర నొప్పులు: మూత్రాశయంలో రాళ్లు, పాదాల కింద పుండ్లు, చెవి ఇన్ఫెక్షన్, ఆపరేషన్ తర్వాతి నొప్పి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని, వయసు పైబడిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తుంది. కుందేలు చూలుతో ఉందన్న అనుమానం ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. దాని గర్భకాలం సుమారు 30 నుంచి 32 రోజులు.

అడ్డంకి: గట్టిపడిన బొచ్చు ముద్ద, కార్పెట్ పీచు, ప్లాస్టిక్ ముక్క పేగులో ఇరుక్కోవచ్చు. అప్పటిదాకా బాగానే ఉన్న కుందేలు కొద్ది గంటల్లోనే పొట్ట ఉబ్బి కూలబడిపోతుంది. ఇది అన్నిటికంటే ప్రమాదకరం.

ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంట్లో ఏం చేయాలి?

ముందుగా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆ తర్వాతే మిగతా పనులు.

చుట్టూ సందడి తగ్గించండి. పిల్లలను కాసేపు దూరంగా ఉంచండి. టీవీ ఆపేయండి.

శుభ్రమైన నీళ్లు గిన్నెలో పెట్టండి. ఒంట్లో బాగోలేనప్పుడు బాటిల్ కంటే గిన్నెలోంచి తాగడం తేలిక.

ఎండుగడ్డి, కడిగిన గరిక, కొత్తిమీర, పుదీనా ముందు ఉంచండి. వాసనకు ఒక్కోసారి నోరు పెడుతుంది. తింటే మంచిదే. కానీ రెండు ఆకులు కొరికినంత మాత్రాన ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు.

చెవులు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి. వేడి ఎక్కువైతే అది దూరం జరిగేలా చోటు ఉండాలి.

ఎండ దెబ్బ అనిపిస్తే చల్లటి గదిలోకి మార్చండి. తడిగుడ్డతో చెవులను తుడవండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన ఉంచండి. కుందేలును చన్నీళ్లలో ముంచొద్దు. ఆ షాక్‌కే ప్రాణం పోవచ్చు.

చివరిసారి ఎప్పుడు తింది, పెంటికలు ఎప్పుడు వేసింది, కొత్తగా ఏం పెట్టారు.. ఇవి ఫోన్‌లో రాసుకోండి. పెంటికలు ఎలా ఉన్నాయో ఫొటో తీయండి. డాక్టర్ మొదట అడిగేవి ఇవే.

ఇవి మాత్రం చేయొద్దు

బలవంతంగా తినిపించొద్దు: డాక్టర్ చూడకముందే సిరంజీతో తిండి ఎక్కిస్తే, లోపల అడ్డంకి ఉన్నప్పుడు పొట్ట మరింత ఉబ్బి ప్రాణాపాయం కలుగుతుంది. అడ్డంకి లేదని డాక్టర్ చెప్పాకే తినిపించాలి.

మనుషుల మందులు వేయొద్దు: పారాసెటమాల్, ఇబూప్రోఫెన్ లాంటివి సొంతంగా వేయొద్దు. అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి యాంటీబయాటిక్స్ నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, విషం తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది ప్రాణాంతకం. ఇంట్లో పిల్లలకు వాడగా మిగిలిన సిరప్ జోలికి అసలు వెళ్లొద్దు.

కుక్కల మందులు వాడొద్దు: పేలు, గోమార్ల కోసం కుక్కలకు వాడే ఫిప్రోనిల్ స్ప్రేలు, చుక్కల మందులు కుందేళ్లకు హానికరం.

పైనాపిల్ రసం, నూనె పోయొద్దు: కడుపులోని బొచ్చు కరుగుతుందని కొందరు పైనాపిల్ రసం తాగిస్తారు. దాంతో బొచ్చు కరగదు. పైగా అందులోని చక్కెర పేగులను ఇంకా ఇబ్బంది పెడుతుంది. నూనె బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ముప్పు ఉంది.

చెవులు పట్టుకుని ఎత్తొద్దు: ఒక చేయి ఛాతీ కింద, మరో చేయి వెనక కాళ్ల కింద ఉంచి ఒంటికి ఆనించుకుని ఎత్తండి. గింజుకుని వెనక కాళ్లు గట్టిగా తన్నితే దాని వెన్నెముకే విరిగే ప్రమాదం ఉంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

ప్రభుత్వ పశువైద్యశాలలు ఆవులు, గేదెలకే కాదు, పెంపుడు జంతువులకు కూడా. రెండు రాష్ట్రాల్లోనూ ఇవి పశుసంవర్ధక శాఖ కింద నడుస్తాయి. అయితే అన్ని చోట్లా కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవం ఒకేలా ఉండదు. ఎక్స్‌రే, ల్యాబ్ లాంటివి పెద్ద ఆసుపత్రుల్లోనే దొరుకుతాయి.

హైదరాబాద్‌లో నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మరో దారి. ఇది పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది. ఈ విశ్వవిద్యాలయానికి కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరుల్లోనూ కళాశాలలున్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో పశువైద్య కళాశాలలున్నాయి. విజయవాడ వాళ్లకు గన్నవరం, విజయనగరం వైపు వాళ్లకు గరివిడి దగ్గర.

1962 టోల్ ఫ్రీ నంబర్: రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల సేవలకు ఇదే నంబర్. తెలంగాణలో ఈ సేవ 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. ప్రధానంగా పల్లెల్లో పాడి రైతుల ఇంటి దగ్గరికే వైద్యం తీసుకెళ్లడానికి పెట్టిన సేవ ఇది. నగరంలో కుందేలు కోసం బండి ఇంటికి వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఫోన్ చేసి, దగ్గర్లో ఏ పశువైద్యశాల తెరిచి ఉందో అడగండి. పాతిక కిలోల గేదె దూడను ఆటోలో తీసుకెళ్లడం కష్టం, కిలోన్నర కుందేలును బుట్టలో తీసుకెళ్లడం తేలికే.

సెలవు రోజు, రాత్రి వేళ: ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ వేళలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఆదివారం, పండుగ రోజుల్లో పరిమితంగా ఉండొచ్చు. అలాంటప్పుడు 24 గంటలూ తెరిచి ఉండే ప్రైవేటు పెట్ క్లినిక్ కావాల్సి వస్తుంది. ఆ నంబర్ అర్ధరాత్రి వెతుక్కునే బదులు ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

మందుల షాపులో సలహా అడిగి మందు తెచ్చుకోవడం, పెట్ షాపు వాళ్లు చెప్పిన చిట్కా వాడటం వైద్యం కిందికి రావు. బీవీఎస్సీ చదివి, పశువైద్య మండలిలో నమోదైనవారే చికిత్స చేయాలి. ఇందుకోసం 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉంది.

ఫోన్‌లో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. మీ దగ్గర కుందేళ్లను చూస్తారా? చూసే డాక్టర్ ఇప్పుడు ఉన్నారా?
2. ఎక్స్‌రే తీసే వీలుందా?
3. అవసరమైతే సెలైన్ ఎక్కించి కొన్ని గంటలు ఉంచుకుంటారా?
4. మీ దగ్గర కుదరకపోతే ఎక్కడికి పంపుతారు?

ఫోన్‌లో ‘కుందేలుకు బాగోలేదు’ అనకుండా ‘రాత్రి 10 నుంచి తినలేదు, ఉదయం నుంచి పెంటికలు లేవు’ అని చెప్పండి. ఎంత అత్యవసరమో అవతలివారికి వెంటనే అర్థమవుతుంది.

తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే బుట్ట లేదా క్యారియర్‌లో జారకుండా తువ్వాలు పరిచి ఉంచండి. గుప్పెడు గడ్డి కూడా పెట్టండి. బైక్ మీద ఒళ్లో పట్టుకుని వెళ్లొద్దు. ఆసుపత్రిలో కుక్కలకు దూరంగా కూర్చోండి. బుట్ట మీద పల్చటి గుడ్డ కప్పితే భయం తగ్గుతుంది. జత కుందేలు ఉంటే, దాన్నీ వెంట తీసుకెళ్లడం వల్ల రోగి కాస్త ధైర్యంగా ఉంటుంది.

డాక్టర్ ఏం చేస్తారు?

పొట్టను చేతితో పరీక్షిస్తారు. లైటుతో వెనక పళ్లు చూస్తారు. అడ్డంకి ఉందేమో తెలుసుకోవడానికి ఎక్స్‌రే తీస్తారు. రక్తంలో చక్కెర చూసే పరీక్ష కూడా ఇక్కడ పనికొస్తుంది. పేగు అడ్డంకి ఉన్న కుందేళ్లలో ఇది 360 మిల్లీగ్రాములు దాటడం కనిపిస్తుంది.

అడ్డంకి లేకపోతే ఒంట్లో నీటిశాతం పెంచడానికి చర్మం కింద లేదా నరం ద్వారా సెలైన్, నొప్పి తగ్గించే మందు, పేగులు కదిలించే మందు ఇస్తారు. ఒంటిని వెచ్చగా ఉంచి, సిరంజీతో మెత్తటి పీచు ఆహారం పెడతారు. వీటిలో నొప్పి మందు చాలా ముఖ్యం. నొప్పి తగ్గనిదే కుందేలు తినదు. ‘నొప్పికి ఏమిచ్చారు డాక్టర్?’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

పళ్లు పెరిగితే మత్తు ఇచ్చి అరగదీస్తారు. పేగు పూర్తిగా అడ్డుపడితే ఆపరేషన్ కావాల్సి రావొచ్చు. ఏ కారణంతో మత్తు ఇచ్చినా ఒకటి గుర్తుంచుకోండి. కుక్కలు, పిల్లులకు చెప్పినట్టు ‘రాత్రి నుంచి ఏమీ పెట్టకుండా తీసుకురండి’ అన్నది కుందేళ్లకు వర్తించదు. అవి వాంతి చేసుకోలేవు కాబట్టి పస్తు ఉంచాల్సిన పని లేదు. పస్తు ఉంచితే పేగులు ఆగిపోయే ముప్పు పెరుగుతుంది. అలా చెబితే ‘ఇది కుందేలు’ అని మరోసారి గుర్తుచేయండి.

ఇంటికి తెచ్చాక ఏం చేయాలి?

ఒక ఇంజెక్షన్‌తో పని అయిపోదు. మామూలుగా తినడానికి రెండు, మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు.

సిరంజీతో తినిపించమని డాక్టర్ చెబితే, దాణాను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గుజ్జు చేసి వాడొచ్చు, లేదా దీనికోసమే దొరికే పొడిని నీళ్లలో కలపొచ్చు. ముందు పళ్ల పక్కన ఉండే ఖాళీలోంచి సిరంజీ పెట్టి, ఒక్కోసారి అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు మాత్రమే వదలండి. నమిలి మింగాకే మళ్లీ ఇవ్వండి. తల పైకెత్తి, వెల్లకిలా పడుకోబెట్టి పోయొద్దు. రోజుకు మొత్తం ఎంత, ఎన్నిసార్లు అన్నది బరువును బట్టి డాక్టర్ చెబుతారు.

పెంటికలు ఎన్ని వేసిందో ఉదయం, సాయంత్రం చూసి రాసుకోండి. రోజూ వంటింటి కాటా మీద బరువు చూడండి. పెంటికలు మొదట చిన్నగా, వంకరగా వస్తాయి, తర్వాత సైజు పెరుగుతుంది. కోలుకుంటోందనడానికి అదే గుర్తు. 12 గంటల్లో ఏ మార్పూ లేకపోతే మళ్లీ తీసుకెళ్లండి.

మళ్లీ రాకుండా ఎలా చూసుకోవాలి?

రోజూ పెట్టే తిండిలో 80 శాతానికి పైగా గడ్డే ఉండాలి. రోజుకు దాని ఒంటి సైజంత ఎండుగడ్డి అని గుర్తుపెట్టుకోండి. తిమోతీ ఎండుగడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పురుగుమందులు చల్లని చోట కోసిన గరిక మనకు దగ్గర్లో దొరికే మంచి మేత. రోడ్డు పక్కన, కుక్కలు తిరిగే చోట కోయొద్దు. లూసర్న్ గడ్డిలో క్యాల్షియం ఎక్కువ. అది పిల్లలకు సరే, ఆరేడు నెలలు దాటిన కుందేలుకు రోజువారీ మేతగా వద్దు. వరిగడ్డి ఒక్కదానితో సరిపెట్టడం కూడా సరికాదు. అందులో పోషకాలు తక్కువ.

ఆకుకూరల్లో కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు రోజూ కొద్దిగా పెట్టొచ్చు. పాలకూర ఎప్పుడో ఒకసారి చాలు. దాణా కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు మించొద్దు. క్యారెట్ అంటే చిన్న ముక్క, అదీ ముద్దుకు మాత్రమే. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో పెట్టొద్దు. గన్నేరు, జిల్లేడు లాంటి విషపు మొక్కలు అందకుండా చూడండి. కొత్త మేత ఏదైనా వారం, పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి.

బొచ్చు రాలే కాలంలో రోజూ దువ్వండి. పంజరంలోనే ఉంచకుండా రోజూ కొన్ని గంటలు ఇంట్లో తిరగనివ్వండి. నడక ఉంటేనే పేగులు కదులుతాయి. ఏడాదికి ఒకసారైనా డాక్టర్‌తో పళ్లు చూపించండి.

చట్టం ఏం చెబుతోంది?

1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం జంతువును పెంచేవారే దాని బాగోగులకు బాధ్యులు. సరిపడా తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. పెంపుడు జంతువులు అమ్మే షాపులు 2018 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. కొనేముందు ఆ నమోదు పత్రం అడిగే హక్కు మీకుంది.

ఇళ్లలో పెంచే కుందేళ్లకు, మన పొలాల్లో కనిపించే చెవులపిల్లికి తేడా ఉంది. రెండోది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. దాన్ని పట్టడం, పెంచడం నేరం. గాయపడినది దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి.

ఒక్క చూపులో..

– 10-12 గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి.
– పొట్ట ఉబ్బినా, చెవులు చల్లబడినా, వాలిపోయినా వెంటనే.
– డాక్టర్ చూడకముందు సిరంజీ తిండి, మనుషుల మందులు, కుక్కల మందులు వద్దు.
– 1962తో పాటు దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాల, రాత్రి వేళ తెరిచి ఉండే క్లినిక్ నంబర్లు ఇవాళే సేవ్ చేసుకోండి.
– రోజూ ఉదయం రెండు నిమిషాలు కేటాయించండి. గడ్డి తగ్గిందా, నీళ్లు తగ్గాయా, పెంటికలు మామూలుగా ఉన్నాయా అని చూడండి.